నల్లమల కాలిబాటన శ్రీశైలానికి

శ్రీశైలానికి ఇప్పుడు బస్సులు గుడి దాపునకే వెళ్తున్నాయి. కర్నూలులో ఉదయం బస్సెక్కినవారు ఆత్మకూరు దాటి, అడవి నడుమ రోడ్డు మీదుగా దోర్నాల చేరి, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి మల్లన్న సన్నిధిలో దిగుతారు. ఆత్మకూరు వద్ద ఆ రోడ్డును విడిచి వెంకటాపురం వైపు తిరిగితే మాత్రం మరో దారి మొదలవుతుంది. నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం అనే మజిలీల మీదుగా నల్లమల కొండలను ఎక్కి దిగుతూ సాగే ఆ కాలిబాట నలభై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఏడాదిలో మహాశివరాత్రికి ముందు కొన్ని రోజులు, ఉగాదికి ముందు కొన్ని రోజులు మాత్రమే అటవీశాఖ వారు ఈ దారిన యాత్రికులను అనుమతిస్తారు. ఆ రెండు కాలాల్లోనూ ఈ బాటన నడిచిన వాణ్ణి కనుక, దాని గురించి కొంత వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. శ్రీశైల క్షేత్రం వెంకటాపురం పొలిమేర దాటిన చోటే మొదలవుతుందని నా నమ్మకం. ఈ మెట్లు పేర్చినవారిని, ఈ అడవిలో దాహానికి నీళ్ళిచ్చేవారిని, వందల మైళ్ళ నుంచి నడిచి వచ్చేవారిని చూడకుండా గర్భాలయంలోని లింగాన్ని మాత్రమే దర్శించి వస్తే ఆ క్షేత్రాన్ని సగమే చూసినట్లు.

పూర్వం శ్రీశైలానికి వెళ్ళేవారు ముందుగా ఒక ద్వార క్షేత్రంలో మొక్కి, ఆ తరువాతనే కొండల్లోకి అడుగుపెట్టేవారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ఆ నాలుగు ద్వారాలు. ఇవికాక ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం అనే ఉపద్వారాలు కూడా ఉన్నాయి. వీటిలో ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీటిలో కలిసిపోయింది. సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునిగి, వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు మాత్రమే బయటపడుతోంది. కూడవెల్లి ఆలయాన్ని ముంపునకు ముందే రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. కృష్ణ ఒడ్డున ఇంత మార్పు జరిగిన తరువాత కూడా పడమటి నుంచి వచ్చే యాత్రికుల దారి ఒకటి నేటికీ కాళ్ళ కింద మిగిలి ఉండటం మన అదృష్టం.

ఈ దారిలో రాతిమెట్లు ఎవరు వేయించారన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే పేరు కొండవీటి రాజ్యస్థాపకుడు ప్రోలయ వేమారెడ్డిది. పద్నాలుగో శతాబ్దంలో ఆయన అహోబిలానికీ శ్రీశైలానికీ సోపానాలు కట్టించాడని చరిత్రకారులు చెబుతారు. ఆ వంశం వాడైన అనవేమారెడ్డి 1377లో శ్రీశైల ఆలయంలో వీరశిరోమండపాన్ని నిర్మింపజేశాడు. రాజ్యాలు పోయినా మెట్లు నిలిచాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు చేరి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలనుల మీదుగానే శ్రీశైలం వెళ్ళి, ఆ ప్రయాణాన్ని తన యాత్రాచరిత్రలో నమోదు చేశాడు. కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు యాత్రికుల వద్ద సుంకం వసూలు చేసేవారని కూడా ఆయన రాశాడు. ఆయన చెప్పిన పెద్దచెరువే ఇప్పుడు మనం పెచ్చెరువంటున్న చోటు. రెండు వందల ఏళ్ళ నాటి యాత్రికుడు ఆగిన మజిలీల్లోనే మనమూ ఆగి, ఎక్కిన చోటే ఎక్కి, దిగిన చోటే దిగుతున్నామన్న ఎరుక ఈ నడకకు ఒక గాంభీర్యాన్ని ఇస్తుంది.

శివరాత్రికి నడిచేవారిలో మన తెలుగువారే ఎక్కువ. శివదీక్ష పూని ఇరుముడి కట్టుకున్న స్వాములు, కర్నూలు, నంద్యాల, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల రైతుకుటుంబాలు, ఏటా మొక్కుగా వచ్చే యువకులు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. మాఘం చివర పగటి ఎండ అంతగా బాధించదు. మోదుగలు అప్పుడే పూతకు వస్తాయి. ఆకు రాల్చిన కొమ్మల మీద ఆ ఎర్రటి పూలు కొండవాలు పొడవునా కనిపిస్తూ ఉంటే నడక భారమనిపించదు. కొత్తగా నడిచేవారికి నేను ఈ కాలాన్నే సూచిస్తాను.

ఉగాది యాత్ర దీనికి పూర్తిగా భిన్నం. అది కన్నడిగుల పండుగ. బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు జిల్లాల నుంచి, మహారాష్ట్రలోని సోలాపురం వైపు నుంచి వారు ఫాల్గుణమాసంలోనే ఇళ్ళు విడిచి, పొలాల గట్లు, ఊళ్ళు, రోడ్లు పట్టుకుని నడుస్తూ కర్నూలు, ఆత్మకూరుల మీదుగా నల్లమలలో ప్రవేశిస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి పసుపు కుంకుమలు, చీర, సారె తీసుకువస్తారు. ఆడపడుచు అత్తవారింటికి ఉగాదికి వెళ్ళకపోతే ఎలా అన్నది వారి మాట. కొందరి భుజాన అలంకరించిన కంబి అనే కావడి ఉంటుంది. మరికొందరు కొయ్యతో చేసిన మరగాళ్ళు కట్టుకుని, నేలకు పాదం ఆనించకుండానే ఆ రాళ్ళ దారిని దాటుతారు. చదునైన రోడ్డు మీద ఆ నడక చూడటం వేరు. భీముని కొలను మెట్ల మీద, ఇరుపక్కలా ఇద్దరు చేతులు పట్టుకోగా ఒక యువకుడు మరగాళ్ళతో ఒక్కొక్క మెట్టూ వెతుక్కుంటూ దిగడం చూశాను. అతని కొయ్యకాలు రాతి మీద ఆనిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవారందరూ మల్లయ్యను పిలిచారు. ఒక్కరు కూడా అతణ్ణి తొందరపెట్టలేదు. వెనుక వందలమంది ఆగి ఉన్నారు.

కన్నడ దేశానికీ ఈ కొండకూ ఉన్న బంధం ఎంత పాతదో కన్నడ శివభక్త కవయిత్రి అక్కమహాదేవిని తలచుకుంటే అర్థమవుతుంది. పన్నెండో శతాబ్దంలో ఉడుతడి నుంచి బయలుదేరి, కల్యాణ నగరంలో శివభక్తులైన శరణులను కలిసి, చివరకు శ్రీశైలంలోని కదళీవనాన్ని చేరిన ఆమె తన వచనాలన్నిటినీ చెన్నమల్లికార్జునుణ్ణి సంబోధిస్తూనే చెప్పింది. ఆమె పేరిట పిలిచే గుహలు కృష్ణ ఒడ్డున ఉన్నాయి. ఉగాదికి వచ్చే కన్నడ స్త్రీలు ఆమె వచనాలను నడకలో పాడుకుంటూ పోవడం విన్నప్పుడు, ఈ దారిని వారు మనకంటే ఎక్కువగా తమదిగా భావిస్తున్నారనిపించింది. అందులో అన్యాయమేమీ లేదు. నడిచినవారిదే దారి.

వెంకటాపురం దాటాక కొంతదూరం నేల దాదాపు సమతలంగా, ఎర్రమట్టి బండిబాటగా ఉంటుంది. నాగలూటి చేరేసరికి అడవి చిక్కబడుతుంది. అక్కడ పాతకాలపు వీరభద్రాలయం, కోనేరు ఉన్నాయి. యాత్రికులు సాధారణంగా మొదటి విశ్రాంతి ఇక్కడే తీసుకుంటారు. దేవస్థానం వారు, అటవీశాఖ వారు యాత్రాకాలంలో ట్యాంకర్లతో నీరు అందిస్తారు. దాతలు మజ్జిగ, అన్నం, గుగ్గిళ్ళు పెడతారు. కన్నడిగుల బృందాలు మాత్రం తమ భోజనం తామే తెచ్చుకుంటాయి. ఎండబెట్టిన పలచటి జొన్నరొట్టెలు గుడ్డమూటల్లో దొంతులుగా పేర్చి ఉంటాయి. అవి ఎన్ని రోజులైనా పాడుకావు. వేరుశనగ పొడి, ఎండుమిరప కారం, ఉల్లిపాయ వాటికి తోడు. ఒకసారి చెట్టు కింద కూర్చున్న ఒక ముదుసలి తల్లి నన్ను చూసి, "బా తమ్మా, రొట్టి తిను" అని పిలిచి, రొట్టెను విరిచి దాని మీద పొడి చల్లి నూనె వేసి చేతిలో పెట్టింది. ఆమె పాదాలకు పాత చీరె పేలికలు చుట్టి ఉన్నాయి. మడమల వద్ద ఆ గుడ్డ దుమ్ముతో గట్టిపడి తోలులా అయింది. ఎక్కడి నుంచి వస్తున్నారవ్వా అని అడిగితే ఊరి పేరు చెప్పి, పెళ్ళైన ఏడాది నుంచి వస్తున్నానని, అత్త ఉన్నప్పుడు అత్తతో వచ్చానని, ఇప్పుడు కోడలితో వస్తున్నానని చెప్పింది. ఆ కోడలు పక్కనే కూర్చుని తన పాదాలకు ఆముదం రాసుకుంటోంది.

నాగలూటి దాటిన తరువాత అసలైన ఎక్కుడు మొదలవుతుంది. రాతిమెట్లు కొన్నిచోట్ల క్రమంగా ఉన్నాయి, కొన్నిచోట్ల వానలకు కదిలిపోయి గుండ్ల రాశిగా మారాయి. ఎక్కేవారు "చేదుకో మల్లన్నా, చేదుకో" అని పిలుస్తూ ఎక్కుతారు. పైనున్నవారు ఆ పిలుపును అందుకుంటారు. ఇక్కడ చెట్లు నల్లమద్ది, ఏగిస, తిరుమాను, టేకు, మధ్యమధ్య వెదురు పొదలు. ఉగాది నాటికి ఆకు రాలిపోయి నీడ పలచబడుతుంది. అందువల్ల అనుభవజ్ఞులు తెల్లవారుజామునే ఈ ఎక్కుడు ముగించి, ఎండవేళకు పెచ్చెరువు చేరుకునేలా నడక సాగిస్తారు.

పెచ్చెరువు చెంచుల గూడెం. ఈ అడవిలో యాత్రికులు అతిథులు, చెంచులు గృహస్థులు. మల్లికార్జునుణ్ణి వారు చెంచు మల్లయ్య అంటారు. వేటకు వచ్చి తమ ఆడపిల్లను మనువాడిన అల్లుడని వారి పురాణం. గుడి పుట్టడానికి ముందు నుంచి ఈ దేవుడితో బంధుత్వం ఉన్నవారు తామేనన్న భావన వారి మాటల్లో స్పష్టంగా వినిపిస్తుంది. శ్రీశైల ఆలయ ప్రాకారం మీద చెక్కిన వేట దృశ్యాలను చూసేటప్పుడు నాకు ఈ కథే గుర్తుకు వస్తుంది. తరతరాలుగా యాత్రికులకు దారి చూపి, నీటి చెలమలు చూపి, అలసినవారిని మోసిన జనం వీరు. ఇంత చేసిన వారి గూడేల్లో బడి, వైద్యం, తాగునీరు ఇంకా సరిగా లేకపోవడం యాత్రికులైన మనమందరం ఆలోచించవలసిన విషయం. దారికి ఇరువైపులా లక్షలు ఖర్చుచేసి అన్నదాన శిబిరాలు వేసే దాతలు, ఆ శిబిరం ఎత్తివేసిన మరునాడు గూడెంలో ఏముందో కూడా చూడాలని నా విన్నపం. పెచ్చెరువులో ఇప్పపువ్వు ఆరబోసిన చాటల పక్కన కూర్చుని ఒక చెంచు పెద్ద నాతో, "అన్నా, మీరు పండక్కి వస్తరు, మేము పండగ పోయినంక కూడ ఈడనే ఉంటం" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడు.

పెచ్చెరువు తరువాత మఠంబావి వరకు దారి కొంత సులువు. అక్కడి నుంచి భీముని కొలను. ఈ యాత్రలో శరీరాన్నీ మనసునూ ఎక్కువగా పరీక్షించేది ఈ లోయ. అంతవరకు ఎక్కిన ఎత్తునంతా ఒక్కసారిగా దిగి, లోయ అడుగుకు చేరి, ఎదుటి కొండను మళ్ళీ మొదటి నుంచి ఎక్కాలి. పాండవులు అరణ్యవాసంలో ఇటు వచ్చినప్పుడు ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో బండను మోది నీరు రప్పించాడని స్థలపురాణం. రెండు నిలువు కొండల నడుమ రాతిదొన్నెలో నిలిచిన ఆ నీటిని చూస్తే ఆ కథ ఇక్కడే ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే బరువు, ఎక్కేటప్పుడు ఊపిరి మీద పడే బరువు రెండూ ఇక్కడే తెలుస్తాయి. మెట్లు ఎత్తుగా ఉంటాయి. చాలా మెట్ల అంచులు పాదాల రాపిడికి నున్నగా అరిగి, వేకువ మంచులో జారుతాయి. కర్ర లేకుండా ఇక్కడ దిగవద్దని కొత్తవారికి గట్టిగా చెబుతాను. చెప్పులు విడిచి మొక్కుగా నడిచేవారు ఉన్నారు. వారి పాదాలకు అలవాటుంటేనే ఆ సంకల్పం చేయడం మంచిది.

లోయ నుంచి పైకెక్కే మెట్ల వరుసకు తుదిలో కైలాసద్వారం ఉంటుంది. ఆ రాతిద్వారం కిందకు వచ్చినవారు మొదట చేసే పని వెనక్కి తిరిగి చూడటం. దిగువన లోయ, దాని అవతల తాము దిగివచ్చిన కొండ, ఆ కొండ మీద ఇంకా దిగుతున్నవారి వరుస కనిపిస్తాయి. చాలామంది ఇక్కడ కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, కాసేపు మౌనంగా కూర్చుంటారు. ఇక ఎక్కవలసింది లేదు. హటకేశ్వరం మీదుగా శ్రీశైలం వరకు మిగిలిన దూరం రోడ్డు వెంట పోతుంది. వాహనాల హోరు మళ్ళీ చెవిన పడుతుంది. ఆ మార్పు నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

శివరాత్రి నాటికి నడిచి చేరినవారు ఆ రాత్రి పాగాలంకరణ చూడకుండా తిరిగి వెళ్ళకూడదు. చీరాల ప్రాంతపు దేవాంగుల కుటుంబం ఏడాది పొడవునా రోజుకొక మూర చొప్పున నేసిన తెల్లని వస్త్రాన్ని మల్లన్నకు తలపాగాగా చుట్టే ఆచారం అది. లింగోద్భవ కాలంలో ఆలయ ప్రాంగణంలోని దీపాలన్నీ ఆర్పివేస్తారు. ఆ చీకట్లో నేతగాడు దిగంబరుడై ఆలయ విమానగోపురం ఎక్కి, గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపం మీది నందులను కలుపుతూ ఆ పాగాను చుడతాడు. నేసింది 365 రోజులు, చుట్టేది ఆ ఒక్క రాత్రి. నడిచి వచ్చిన కాళ్ళతో, వేల మంది నడుమ ఆ చీకట్లో నిలబడి వేచి ఉండటం నా వరకు ఈ యాత్రకు అసలైన ఫలం. మగ్గం ముందు కూర్చున్నవాడి ఓర్పూ, మరగాళ్ళ మీద లోయ దిగినవాడి ఓర్పూ ఒకే దేవుడికి చెందుతున్నాయి.

ఇక అడవి సంగతి. ఈ దారి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా వెళ్తుంది. దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణంలో పెద్దదిగా దీనికి పేరు. ఆత్మకూరు, దోర్నాల మధ్య రోడ్డు మీద రాత్రివేళ వాహనాలను ఆపడం కూడా ఈ జంతువుల కోసమే. యాత్రాకాలం ముగిశాక కాలిబాటను మూసివేయడం, రాత్రి నడకను కట్టడి చేయడం, ప్లాస్టిక్ సీసాలను చెక్‌పోస్టు వద్దే ఆపడం కొందరికి భక్తికి అడ్డంకిగా తోస్తోంది. ఏడాది పొడవునా దారి తెరవాలని, మెట్లకు సిమెంటు వేయాలని, పెచ్చెరువు దాకా రోడ్డు వేయాలని అడిగేవారూ ఉన్నారు. నేను ఈ కోరికను సమర్థించలేను. రోడ్డు పడిన చోట అంగళ్ళు వస్తాయి, అంగళ్ళ వెంట చెత్త వస్తుంది, ఆ తరువాత పులీ ఉండదు, చెంచు గూడెమూ ఉండదు. యాత్ర ముగిసిన మరునాడు నాగలూటి కోనేటి చుట్టూ తేలే పాలిథీన్ సంచులను చూసినవారెవరూ ఈ దారిన ఇంకా ఎక్కువమంది, ఇంకా ఎక్కువ రోజులు నడవాలని కోరరు. రాతిమెట్లు కదిలిన చోట్ల అదే రాతితో సరిచేయించడం, నీటి వసతి పెంచడం, వైద్య శిబిరాలను భీముని కొలను లోయ దాకా తీసుకురావడం మాత్రం తప్పక జరగాలి. గుండెజబ్బు ఉన్నవారు లోయ అడుగున కూలబడితే పైకి తీసుకురావడానికి ఇప్పటికీ మనుషుల భుజాలే ఆధారం.

ఈ దారిన నడవదలచినవారు ముందుగా దేవస్థానం, అటవీశాఖ ప్రకటించే తేదీలను తెలుసుకోవాలి. ఆ తేదీలకు ముందూ వెనుకా అడవిలో ప్రవేశించడం నేరం, ప్రమాదం కూడా. ఒంటరిగా నడవకూడదు. వెంకటాపురం నుంచి తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడేలోగా పెచ్చెరువు చేరి, అక్కడ బృందాలతో కలిసి రాత్రి గడిపి, మరునాడు చల్లటి పూట భీముని కొలను దాటడం మంచి పద్ధతి. భుజాన మోసేది తక్కువగా ఉండాలి. ఒక దుప్పటి, స్టీలు నీళ్ళసీసా, పొడిగుడ్డ, ఆముదమో కొబ్బరినూనో కొద్దిగా, ఉప్పు చక్కెర కలిపిన పొట్లాలు, టార్చిలైటు, చేతికర్ర చాలు. కొండముచ్చులు సంచులు లాగుతాయి కాబట్టి తినుబండారాలు బయటకు కనిపించనివ్వకూడదు. అగ్గిపుల్ల గీసి చెట్ల మధ్య పారవేయడం ఫాల్గుణ, చైత్రాల్లో అడవికి నిప్పు పెట్టడమే అవుతుంది. వండుకోవాలనుకునేవారు శిబిరాల వద్దనే వండుకోవాలి. తిరుగు ప్రయాణానికి శ్రీశైలం నుంచి కర్నూలు, నంద్యాల, హైదరాబాదు, మార్కాపురం వైపు బస్సులు దొరుకుతాయి. పండుగ రోజుల్లో వాటిలో చోటు దొరకడం కష్టం కనుక, దర్శనం తరువాత ఒక పూట ఆగి బయలుదేరేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.